సగం బండి వెనక్కి తిప్పిన మైసమ్మ

చేవెళ్ల పక్క ఊళ్లో మైసమ్మతో పెట్టుకోవాలంటే ఎవరైనా జంకుతారు. చుట్టుపక్కల పొలాలన్నీ ఫామ్‌హౌస్‌లకు పోయినా, తన ఎకరం చెక్క మాత్రం అమ్మలేదు. అందులో రేకుల షెడ్డు వేసి, ఒక కంపెనీ ఇచ్చే కోడిపిల్లల్ని పెంచి మళ్లీ కంపెనీకే అప్పజెప్పేది.

పోయిన ఎండాకాలం ఆ షెడ్డు పొయ్యిలా కాగింది. కోళ్లు రెక్కలు విప్పి, నోళ్లు తెరిచి రొప్పాయి. మైసమ్మ, భర్త కృష్ణయ్య తడిపిన గోనెసంచులు కట్టారు, రేకుల మీద నీళ్లు కొట్టారు. అయినా బాగా బలిసిన కోళ్లే ముందు ఒరిగిపోయాయి. పశువుల డాక్టరు చచ్చినదాన్ని ఒకదాన్ని కోసి చూపించాడు. కడుపు నిండా నీరు. గుండె ఉబ్బి, మెత్తబడి ఉంది.

"ఒళ్లు తొందరగ పెరుగుతదమ్మా, గుండె అంత మొయ్యలేదు. దానికి తోడు ఈ వేడి, ఈ ఇరుకు. ఎండలప్పుడు కోళ్లను తక్కువ పెట్టుకో," అన్నాడు.

చచ్చిన కోళ్లను గుంతలో వేస్తూ మైసమ్మ ఏడవలేదు. పళ్లు నూరింది.

ఈ ఏడాది ఎండలు ముదురుతుండగా కోడిపిల్లల బండి వచ్చింది. కంపెనీ సూపర్‌వైజర్ హరీష్ దిగేసరికి ఆమె గేటుకు అడ్డంగా నిలబడింది.

"సగం దించు. సగం వాపస్ తీస్కపో."

"అట్ల కుదరదవ్వా! షెడ్డు నిండ పెట్టాలని పైనుంచి ఆర్డర్."

"ఆ పైనోళ్లను ఒక్క పగలు ఈ రేకుల కింద కూసోమను. అప్పుడు నింపుత."

"జర సమజ్ చేస్కో, నా నౌకరి మీదికొస్తది."

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నేనే దించనియ్యలేదని చెప్పు."

కృష్ణయ్య ఆమె కొంగు లాగాడు. "ఊకోవే, ఇగ మనకు పిల్లల్నియ్యరు."

"ఇయ్యకుంటే మానె! గుండె ఆగి సచ్చేటియి పెంచుడు నాతోని కాదు."

హరీష్ ఫోన్ పట్టుకుని బండి చుట్టూ చాలాసేపు తిరిగాడు. చివరికి సగం బుట్టలే దించి, మిగతావి మొయినాబాద్ వైపు ఇంకో షెడ్డుకు తోలించాడు.

ఆ విడతలోనూ కొన్ని చచ్చాయి. కానీ పొద్దున లేస్తూనే కుప్పలు ఎత్తాల్సిన పని పడలేదు. కోళ్లను తీసుకుపోయాక కంపెనీవాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. కృష్ణయ్య కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు.

ఇప్పుడు మైసమ్మ కోడిపిల్లల్ని తనే కొనుక్కొచ్చి, పలచగా పెంచి, రోడ్డు పక్కనే అమ్ముతోంది. మిగిలేది తక్కువే. ఎవరైనా "ఇంకిన్ని పెంచొచ్చు గద అవ్వా" అంటే, "కొంటే కొను, లేకుంటే తొవ్వ పట్టు" అంటుంది.