ఆరో వేలు

విరుదునగర్‌లో నేను పనిచేసే స్కాన్ గదిలో ప్రతి ఉదయం ఒక జెల్ చుక్క మణికట్టు మీద వేసుకుంటాను. చల్లగా తగిలితే సీసాను మళ్ళీ వేడినీళ్ళ గిన్నెలో నిలబెడతాను. ఈ అలవాటు డాక్టర్ సరోజది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డాక్టరు చదువు ముగించి, కోవిల్‌పట్టిలో ఆమె దగ్గర గర్భిణుల స్కానింగ్ నేర్చుకున్నాను. ఆమె పరీక్షకు ఒక వరుస ఉండేది: తల, వెన్ను, గుండె, పొట్ట, మూత్రపిండాలు, కాళ్ళు, చేతులు, చివరికి వేళ్ళు. మధ్యలో ఎంత పెద్ద లోపం కనిపించినా వరుస ఆగకూడదు. నాకది చాదస్తంగా తోచేది.

ముత్తులక్ష్మి ఐదో నెలలో వచ్చింది. అగ్గిపెట్టెల కార్ఖానాలో పని. ఆ ఊళ్ళో దాన్ని తీప్పెట్టి ఆపీసు అంటారు. మేనమామనే పెళ్ళాడింది కనుక, వెంట వచ్చిన ముసలామె ఆమెకు అమ్మమ్మా, అత్తా కూడా. బిడ్డ తల వెనక ఎముక మూసుకోలేదు. ఆ సందులోంచి మెదడు బయటికి వచ్చి ఉంది. నేను అక్కడే ఆపి, పక్క గదిలో ఉన్న డాక్టర్‌కు చెప్పాను.

"ఏళ్ళు ఎన్ని ఉండాయి, తంబీ?" అని అడిగింది. ఆమెదీ నాదీ, ముత్తులక్ష్మి వాళ్ళదీ ఇంట్లో తెలుగే.

"బతకని బిడ్డకు వేళ్ళెందుకు, మేడమ్?"

"ఈ బిడ్డకు కాదయ్యా. వచ్చే బిడ్డకు."

తానే వచ్చి కూర్చుంది. మూత్రపిండాలు ఉబ్బి, నిండా నీటి బుడగలు. ఉమ్మనీరు తక్కువ, పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. ముత్తులక్ష్మిని ఒక పక్కకు తిప్పి, కాసేపు నడిపించి, మళ్ళీ పడుకోబెట్టింది. అరగంటకు ఒక చెయ్యి విచ్చుకుంది. ఆరు వేళ్ళు. రెండో చేతికీ ఆరే. తల లోపం ఒక్కటే అయితే మళ్ళీ రావడం అరుదని చెప్పి పంపేవాళ్ళం. మూడూ కలిస్తే అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే అరుదైన జబ్బు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం.

డాక్టర్ స్టూలు మంచం పక్కకు లాక్కుని, బిడ్డ నిలవదని ముందు ముత్తులక్ష్మికే చెప్పింది.

"ఆపీసుకు పోవాకు, ఆ అగ్గిమందు కంపు పడదు అని ఎన్నిసార్లు చెప్తిని! వినిందా ఇది?" అంది ముసలామె.

"మందు కాదు అవ్వా. మొగుడూ పెండ్లామూ ఒకే ఇంటి రక్తం. ఇద్దరిలో దాగి ఉండేది బిడ్డలో కలిసింది."

ముసలామె అడిగింది: "అట్లయితే నేను ఇచ్చిందేనా?"

"నీదో, తాతదో, ఎవరికి తెలుసు? తెలిసి ఎవరూ ఇయ్యలే. వచ్చే తూరి మూడు నెలలు నిండంగానే రండి."

మరుసటి ఏడాది, మళ్ళీ మూడు నెలలు నిండగానే వచ్చారు. ఈసారి డాక్టర్ పొట్ట మీద తిప్పే ప్రోబ్ నా చేతికిచ్చింది. తల, మూత్రపిండాలు బాగున్నాయి. ముత్తులక్ష్మి కళ్ళు మూసుకుంది. ముసలామె ఆడా మగా అని అడగలేదు.

"సామీ, ఏళ్ళు గట్టిగా లెక్కపెట్టు. నాకూ వినపడాల," అంది.

ఆ రోజు రెండు చేతులకూ ఐదేసి తేలాయి. ఇప్పటికీ పైకే లెక్కపెడతాను, తెలుగులో. ఐదు అన్నాక వెంటనే చెయ్యి తియ్యను. ఆ పక్కన ఇంకొకటి లేదని చూసుకుని, అప్పుడు రెండో చేతికి వెళ్తాను.