అమ్మమ్మ సింకులో నిద్రనీళ్ళు

మా అమ్మమ్మ లెక్కలో మనుషులు రెండే రకాలు: గాజు కడగడం వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు. మొదటి రకంలో ఇప్పటిదాకా ఆవిడ ఒక్కతే ఉంది. నీళ్ళు పరీక్షించే ల్యాబులో ముప్పై ఏళ్ళుగా ట్యూబులు కడుగుతోంది. కడిగినదాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి "ఊఁ" అందంటే అది శుభ్రం. ఆఫీసరుగారు కూడా ఆ "ఊఁ"కు ఎదురు చెప్పేవారు కాదు. అక్కడికి నీళ్ళ సీసాలు తెచ్చే వ్యాను నడిపేది నేనే కాబట్టి ఇదంతా కళ్ళారా చూసినదాన్ని.

పోయినేడు ఆ ల్యాబులో కొత్తగా ఒక కళ్ళజోడమ్మాయి ఉద్యోగంలో చేరింది. నీళ్ళలో సీసం ఎంత తక్కువున్నా పట్టే పద్ధతి తెచ్చింది. మడతపడ్డ డీఎన్‌ఏ పోగు ఒకటుంటుందట. మిగతా లోహాలను పట్టించుకోదు, సీసం తగిలితే మాత్రం గుప్పిట్లో బిగించేస్తుంది. ఆ బిగింపులో దానికి అంటుకున్న చిన్న ముక్క జారిపోతుంది. ఎంజైము ఆ ముక్కకు వేలకు వేలు నకళ్ళు తీస్తుంది. అప్పుడు ట్యూబు పచ్చగా వెలుగుతుంది.

"అంటే చెవిలో ఒక్క మాట వేస్తే సాయంత్రానికి వీధంతా వినిపించే మీ పెద్దత్త లాంటిదన్నమాట," అంది అమ్మమ్మ నాతో. అర్థమైంది కానీ నచ్చలేదు.

ఎలా నచ్చుతుంది? ఆఫీసరుగారు రోజుకు నాలుగుసార్లు ఆ అమ్మాయి బల్ల దగ్గర నిలబడి "భేష్" అంటున్నారు. ముప్పై ఏళ్ళలో అమ్మమ్మకు దక్కినవి మూడో నాలుగో. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ వారం మా ఇంట్లో రెండు గ్లాసులు పగిలాయి.

అంతలో అసలు దెబ్బ తగిలింది. సీసమే లేని శుద్ధమైన నీళ్ళు పోసినా ట్యూబు వెలుగుతోంది.

"నా ఎంజైములో తేడా లేదు సార్. గాజుకే ఏదో అంటుకుని ఉంది," అంది కళ్ళజోడమ్మాయి.

"శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే వాడి పారేసే ప్లాస్టిక్ ట్యూబులు తెప్పిద్దాం," అన్నారు ఆఫీసరుగారు.

అంటే సింకుతో పని లేదు, "ఊఁ"తోనూ పని లేదు. మర్నాడు అమ్మమ్మ కాపు కాయడానికి గంట ముందే ల్యాబుకు వెళ్ళింది. సాయంత్రం మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది.

"నేను కడిగి ఆరబెట్టినవాటిని ఆ పిల్ల పొద్దున్నే మళ్ళీ తొలుపుతోందే! అదీ నిద్రనీళ్ళతో!"

ల్యాబు సింకు కొళాయి పాత ఇత్తడిది. రాత్రంతా అందులో నిలిచిపోయినవే నిద్రనీళ్ళు. ఇత్తడిలోని కాస్త సీసం వాటిలోకి దిగుతుందని అమ్మమ్మకు తెలియదు. పని నేర్పిన ముసలాయన చెప్పాడు కాబట్టి, పొద్దున నాలుగు బకెట్లు పారబోశాకే ట్యూబు తడుపుతుంది.

"మరి చెప్పావా?"

"నన్నడిగిందా?"

"ప్లాస్టిక్ వస్తే నీ సింకు పోతుంది కదే!"

"పోనీ. ముందు దాని గొప్ప పోనీ."

"నీ కడుపుమంటకు ఏ ట్యూబైనా వెలుగుతుంది అమ్మమ్మా, సీసం అక్కర్లేదు," అన్నాను. చీపురు నా మీదికి వచ్చింది. గురి తప్పింది.

శుక్రవారం ట్యూబు మళ్ళీ వెలిగింది. ఆఫీసరుగారు ప్లాస్టిక్ ఆర్డరు మీద సంతకానికి పెన్ను తీశారు. నేను సీసాలు దించుతూ అమ్మమ్మను చూశాను. ఆవిడ సింకును చూస్తోంది.

"ఆగండి," అంది. కళ్ళజోడమ్మాయి మణికట్టు పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్ళింది. నాలుగు బకెట్లు నిండి పారాయి. "ఇప్పుడు కడుగు." ఆ అమ్మాయి కడిగింది. అమ్మమ్మ ఒక కన్ను మూసింది. చాలాసేపు చూసింది. చివరికి ఎంతో కష్టం మీద "ఊఁ" అంది.

ఈసారి ట్యూబు వెలగలేదు.

"ముందే చెప్పొచ్చుగా మామ్మగారూ!"

"నేను కడిగినదాన్ని మళ్ళీ కడిగేముందు నువ్వు అడగొచ్చుగా తల్లీ!"

ఆఫీసరుగారు ఆర్డరు చింపేశారు. ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క "భేష్" అన్నారు. అందులో సగమే తనదని అమ్మమ్మకు ఇప్పటికీ బాధ. నేటికీ ఆయన కళ్ళజోడమ్మాయి బల్ల దగ్గర ఆగి మెచ్చుకోబోతే, కొళాయి చివరిదాకా తిప్పేస్తుంది. ఆ హోరులో మాట ఒక్కటీ వినపడదు.

"నీళ్ళు పారాలి కదండీ," అంటుంది.