చచ్చిన హీరో పెళ్ళి

ఈ రోజు చిత్తూరులో మ్యాట్నీకి వెళ్ళి, కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే మనిషి గురించిన ఇంగ్లీషు సినిమా చూశాం. ఇంటర్వెల్‌కు ముందు హీరో చచ్చిపోయాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. బయట టీకొట్టు దగ్గర మా సైన్సు మాస్టారు మాకు విడమరిచి చెప్పారు.

"సచ్చినోడు పెండ్లి చేసుకునేది ఊరికే కాదప్పా! కాలం గుండ్రంగా తిరగతా ఉండాదని దానర్థం. మనోళ్ళకు ఇంత తెలివి యాడిది?"

మేం నలుగురం తలలూపాం. నేనైతే 'అద్భుతం' అని కూడా అన్నాను. అంతలో టీ తాగడానికి వచ్చిన థియేటర్ ఆపరేటర్ మా మాటలు విని తల గోక్కున్నాడు.

"తప్పయిపొయినాది సార్. నగరి నుంచి రీళ్ళ డబ్బాలు లేటుగా వచ్చినాయి. తొందరలో ఏడో రీలు ముందేసి, మూడోది తరవాత ఏసినాను."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "సినిమా తీసినోడు నువ్విట్ల చేస్తావని ముందే లెక్కేసుకోని తీసినాడబ్బా. నీకేం తెలుసు, పో!" అని అతన్నే కసిరారు.

రేపటి నుంచి రీళ్ళు వరసగా వేస్తారట. అర్థమైపోతుందేమోనన్న భయంతో మేమెవరం మళ్ళీ వెళ్ళడం లేదు. మీలో ఎవరైనా చూస్తే అసలు కథ దయచేసి బయటపెట్టకండి. మాస్టారు రేపు పదో తరగతికి ఇదే పాఠం చెబుతున్నారు.