మిస్త్రీ గారి ఎడమ చెయ్యి

2020 జూలైలో నేను పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్‌లోని ఒక ఆసుపత్రిలో డయాలసిస్ యూనిట్ ఇన్‌ఛార్జి సిస్టరుగా పనిచేస్తున్నాను. స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి ముప్పై మూడేళ్లు, ఆ యూనిట్‌కు వచ్చి పదకొండేళ్లు. పదవీ విరమణకు మరో రెండేళ్లుంది. ఇన్‌ఛార్జి సిస్టరంటే మాట్రన్ కింద, స్టాఫ్ నర్సుల పైన. డ్యూటీ చార్టు వేయడం, సామాను చూసుకోవడం, యంత్రాలకు వచ్చే నీటి పరీక్షలు రాయించడం పేరుకు నా పని. నేను మనసు పెట్టి చేసింది మాత్రం సూది పని.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. మూత్రపిండాలు పనిచేయడం మానేసిన మనిషి రక్తాన్ని వారానికి రెండు మూడుసార్లు యంత్రం గుండా పంపి శుభ్రం చేస్తాం. ఒంట్లో నిలిచిపోయిన నీటిని తీసేస్తాం. ఒక్కో విడతకు నాలుగు గంటలు పడుతుంది. అంత ధారగా రక్తం మామూలు నరంలోంచి రాదు. అందుకని చేతిలో ఒక ధమనినీ ఒక సిరనూ ఆపరేషన్ చేసి కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటాం. కొన్ని వారాలకు ఆ సిర లావెక్కి తాడులా పైకి తేలుతుంది, వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. ప్రతి విడతకూ అందులో రెండు లావుపాటి సూదులు గుచ్చాలి. ఒకటి రక్తం తీయడానికి, రెండోది తిరిగి ఎక్కించడానికి. సూది పక్కకు పోయి సిర చిట్లితే రక్తం చర్మం కిందకు చేరి చెయ్యి ఉబ్బి నల్లబడుతుంది. ఫిస్టులా ఒకసారి పాడైతే మళ్లీ తయారుచేసుకోవడం అందరికీ కుదరదు.

మా రోగుల్లో అప్పలస్వామి గారనే ఆయనకు అప్పుడు అరవై నాలుగేళ్లు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. యూనిట్లో బెంగాలీలూ తెలుగువాళ్లూ అందరూ ఆయన్ని మిస్త్రీ గారనే పిలిచేవారు. తాతల నాడు టెక్కలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఊళ్లోనే నిమ్‌పురా పేటలో కొడుకు క్వార్టర్సులో భార్య సూరమ్మతో ఉండేవారు. మాది భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, మా నాన్న లోకో షెడ్డులో పనిచేసేవాడు. మిస్త్రీ గారూ నేనూ మాట్లాడుకుంటే మా ఇళ్లలోని పెద్దల మాటలాగే ఉండేది. నాలుగేళ్లుగా మంగళ, గురు, శనివారాల్లో ఆయన వచ్చేవారు. గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి.

ఆయన ఫిస్టులా ఎడమ చేతిలో, మోచేతికీ మణికట్టుకూ మధ్య ఉండేది. కింది సగం తిన్నగా ఉండేది. రెండో సూది గుచ్చవలసిన చోట మాత్రం సిర లోపలికి తిరిగి, సూది తగలగానే జారిపోయేది. నేను గుచ్చితే జారేది కాదు. నేను సెలవులో ఉన్నప్పుడు రెండుసార్లు వేరేవాళ్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ చెయ్యి ఉబ్బింది. ఆ తర్వాత ఆయన రాని రోజులు చూసుకునే సెలవు పెట్టేదాన్ని. ఒకసారి రౌండ్సుకు వచ్చిన మాట్రన్ గారు, ఈ చెయ్యి రూత్ సిస్టరుకు తప్ప లొంగదట కదా అన్నారు. ఇంటికి వెళ్లి మావారికి చెప్పుకుని మురిసిపోయాను.

కరోనా మొదలైనప్పుడు అందర్నీ ఇంట్లో ఉండమన్నారు. మా రోగులు ఉండలేరు. ఆటోలు లేకపోతే సైకిల్ వెనక కూర్చుని అయినా రావాలి, నలుగురితో పాటు ఒకే గదిలో నాలుగు గంటలు పడుకోవాలి. పైగా ఈ రోగుల ఒంట్లో జబ్బును తట్టుకునే శక్తి తక్కువ. ఇందులో ఒకరికి సోకితే ఏమవుతుందన్నది మార్చి నుంచీ మా అందరి మనసులోనూ ఉంది. మా డాక్టరు గారు ముందే ఆలోచించి, సామాను గదిని ఖాళీ చేయించి అందులోకి నీటి లైను లాగించమన్నారు. డయాలసిస్‌కు కుళాయి నీళ్లు పనికిరావు, యంత్రాల్లో వడకట్టి శుద్ధి చేసిన నీళ్లు కావాలి. అందుకే మంచం జరిపినంత సులువుగా యంత్రాన్ని వేరే గదికి జరపలేం. ఆ లైను పని ఇంకా జరుగుతూ ఉండగానే ఒక మంగళవారం మిస్త్రీ గారు జ్వరంతో వచ్చారు.

గేటు దగ్గరే ఆపి, ఫీవర్ వార్డులో ఉంచి, పరీక్షకు పంపాం. ఫలితం వచ్చేదాకా మిగతావాళ్ల మధ్య పడుకోబెట్టకూడదన్నది నియమం. బుధవారం సాయంత్రం ఫలితం వచ్చింది. కరోనా ఉంది. అంతకు ముందు డయాలసిస్ జరిగింది శనివారం. గురువారం ఉదయానికి కాళ్లు వాచాయి, వెల్లకిలా పడుకోలేకపోతున్నారు, ఆక్సిజన్ పెట్టారు. ఆయాసం కరోనా వల్లనా, ఒంట్లో నిలిచిన నీటి వల్లనా అన్నది యంత్రం మీద పెడితే గానీ తేలదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నపాటున ఆగిపోవచ్చు. బయట కోవిడ్ ఆసుపత్రికి పంపుదామంటే డయాలసిస్ యంత్రం ఖాళీ లేదన్నారు. ఆ పూటే, ముందురోజు రాత్రికే లైను పని ముగిసిన మా సామాను గదిలోనే చేయాలి.

నాకు అప్పటికి యాభై ఎనిమిది నిండాయి, షుగరు ఉంది. యాభై ఐదు దాటినవాళ్లనూ షుగరు, బీపీ ఉన్నవాళ్లనూ కోవిడ్ గదిలోకి పంపకూడదని ఉత్తర్వు. ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించింది నేనే. అయినా డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, సూదులు గుచ్చి వెంటనే బయటికి వచ్చేస్తానని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఇది ఒక్కసారితో తీరేది కాదని, రెండు వారాల పాటు రోజు విడిచి రోజు చేయాలని, నేను పడిపోతే మిగతా రోగులను ఎవరు చూస్తారని అడిగారు. చెయ్యి కుదరకపోతే మెడలో గొట్టం పెడదామన్నారు. మెడలో గొట్టమంటే ఇంకో జబ్బుకు తలుపు తీసినట్టే. మిస్త్రీ గారు ఉన్న స్థితిలో తల దించి పడుకోబెట్టడమే కష్టం.

నేనే రావాలని రోగి అడిగితే డాక్టరు గారు కాదనరేమోనన్న ఆశతో మిస్త్రీ గారికి ఫోను చేశాను. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నారు.

"మీరు రాకండి సిస్టరమ్మా. నా సెయ్యి ఉబ్బితే మల్లీ దిగుతాది. మీకేటైనా అయితే రేపు నాకెవలు గుచ్చుతారు?"

లోపలికి వెళ్లడానికి మా స్టాఫ్ నర్సు మౌసుమి ముందుకొచ్చింది. ఊళ్లోనే ఇందా పేటలో ఉండే బెంగాలీ అమ్మాయి. ముప్పై ఒక్క ఏళ్లు, మూడేళ్ల కూతురు. ఈ డ్యూటీ పడితే రెండు వారాలు ఇంటికి వెళ్లకుండా ఆసుపత్రి గదుల్లోనే ఉండాలి. కూతుర్ని తల్లి దగ్గర దింపి, బట్టల సంచీతో వచ్చింది. ఆ చెయ్యి నాకు రాదు కదా రూత్ దీ, అంటే రూత్ అక్కా, అని మాత్రం అడిగింది.

నేర్పుతానని కాగితం తీసుకుని కూర్చున్నాను. చెయ్యి గీశాను, సిర గీశాను, మొదటి సూదికీ రెండో సూదికీ గుర్తులు పెట్టాను. ఈ రెండో చోటే జారుతుంది కదా, మీకెందుకు జారదు అని మౌసుమి అడిగింది. కాగితం మీద ఆ చోటునే మళ్లీ దిద్దాను. చివరికి, అది చేతికి తెలుస్తుంది అన్నాను. పదకొండేళ్లుగా కొత్త నర్సులకు నేను చెబుతూ వచ్చిన మాట అదే. ఆ పిల్ల కాగితం వంక చూసి తల ఊపింది. ఆ మాట వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

సామాను గది తలుపుకు గాజు పలక ఉంది. నేను ఇవతల నిలబడ్డాను. లోపల మంచం పక్కన మొబైల్ ఫోను స్పీకరు మీద పెట్టారు. మౌసుమి తల నుంచి కాళ్ల దాకా తొడుగు వేసుకుంది. ముఖం మీది అద్దం ఆవిరి పట్టి మసకబారుతోంది. చేతులకు రెండు జతల గ్లవ్స్ ఉండడంతో వేళ్లకు రక్తం జుమ్మనడం సరిగ్గా అందడం లేదు. అయినా మొదటి సూది తిన్నగా దిగింది. రెండోది జారింది. చూస్తుండగానే అక్కడ నిమ్మకాయంత ఉబ్బు లేచింది. ఆమె సూది తీసి, గట్టిగా అదిమి, ఐసు పెట్టి నా వైపు చూసింది. ముఖం కనబడకపోయినా, భుజాలు చూస్తే ఏడుస్తోందని అర్థమైంది. నేను ఫోనులో సూది వాలు గురించి ఏదో చెప్పాను. ఇవతల డాక్టరు గారు మెడ గొట్టం సెట్టు తెప్పించారు.

అప్పుడు మిస్త్రీ గారు కుడి చెయ్యి కొద్దిగా ఎత్తి, "ఏక్టూ థామో, మా" అన్నారు. కొంచెం ఆగు తల్లీ అని. తర్వాత ఫోను వైపు తిరిగి తెలుగులో నాతో మాట్లాడారు.

"సిస్టరమ్మా, ఒకటి సెప్తే కోప్పడరు గదా."

"ఏటది? సెప్పండి మిస్త్రీ గారూ."

"సూది గుచ్చీది మీ కుడిసెయ్యే గాని, పని సేసీది ఎడంసెయ్యి. నా మణికట్టు కిందన ఎట్టి కొద్దిగా బయటికి తిప్పుతారు. బొటనేలితో తోలు కిందకి లాగి పడతారు. అప్పుడు నరం పైకొచ్చి కదలకుండా నిలబడతాది. ఈ పిల్ల సెయ్యి తిన్నగా ఎట్టీసింది."

నేను నా ఎడమ చేతి వంక చూసుకున్నాను. గాలిలోనే ఆ పని చేసి చూశాను. నిజమే. మణికట్టు తిప్పడం, బొటనవేలితో లాగి పట్టడం నేను ప్రతిసారీ చేస్తున్నాను. చేస్తున్నట్టు నాకే తెలియదు. మీకెలా తెలిసిందని అడిగాను.

"నాలుగేళ్లు సూసినాను. ఫిట్టరు పని సేసినోడిని, సేతులే సూస్తాను."

ఇక చెప్పడమంతా ఆయనే. వర్క్‌షాపులో నేర్చుకున్న బెంగాలీలో, ఆయాసపడుతూ, మౌసుమితో తువ్వాలు చుట్టించి మణికట్టు కింద పెట్టించారు. చెయ్యి ఎంత తిప్పాలో తానే తిప్పి చూపించారు. ఉబ్బుకు పైన రెండు వేళ్ల దూరంలో కుడి చేతి చూపుడువేలితో చూపించి, "ఎఖానే, మా" అన్నారు. ఇక్కడే తల్లీ అని. మౌసుమి బొటనవేలితో చర్మాన్ని లాగి పట్టి గుచ్చింది. గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎగదన్నడం గాజులోంచి నాకు కనబడింది. పంపు తిరగడం మొదలైంది. డాక్టరు గారు మెడ గొట్టం సెట్టును తిరిగి లోపల పెట్టించారు.

ఆ నాలుగు గంటల్లో సూరమ్మ గారు నిమ్‌పురా నుంచి నాకు ఐదారుసార్లు ఫోను చేశారు. ఆ ఇంటినీ క్వారంటైన్‌లో పెట్టడంతో బయటికి రావడానికి లేదు. సూదులు సరిగ్గా దిగాయా, అన్నం తిన్నాడా, నొప్పిగా ఉందన్నాడా అని అడిగారు. నొప్పిగా ఉందని అనలేదు అన్నాను.

"నోటితో అనడమ్మా. కాలి బొటనేలు ముడిసినాడంటే నొప్పని. అది సూడండి."

గాజు దగ్గరికి వెళ్లి చూశాను. దుప్పటి అంచున పాదాలు కనబడుతున్నాయి. వేళ్లు వదులుగా ఉన్నాయి. ఆ మాటే ఆమెకు చెప్పాను. అయితే సరేనమ్మా అని ఫోను పెట్టేశారు. బొటనవేలి సంగతి మౌసుమికి కూడా చెప్పాను. ఆ తర్వాత అన్ని విడతల్లోనూ ఆమె సూది గుచ్చేముందు పాదాల మీది దుప్పటి తీసి ఉంచేది.

ఒంట్లోంచి మూడు లీటర్ల నీళ్లు తీశాక ఆయాసం సగానికి తగ్గింది. మిగతా సగం కరోనాది. దానికి మరో పది రోజులు పట్టింది. ఆ గదిలో మొత్తం ఏడు విడతలు చేశాం. మొదటి రోజు తర్వాత ఒక్కసారి కూడా సూది జారలేదు. మిస్త్రీ గారు కోలుకుని ఇంటికి వెళ్లారు. మౌసుమి కూడా ఇంటికి వెళ్లింది. కూతురు అరగంట దాకా తన దగ్గరికి రాలేదని మర్నాడు చెబుతూ నవ్వింది, చెప్పడం పూర్తికాకుండానే కళ్లు తుడుచుకుంది.

అందరికీ ఇలా జరగలేదు. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ అదే గదిలో పడుకున్నవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఇందాలో దర్జీ పని చేసే ఒకాయనకు సూదులు చక్కగా పడ్డాయి, చేయవలసినదంతా చేశాం, అయినా దక్కలేదు. మిస్త్రీ గారు ఆ తర్వాత రెండేళ్ల పైన బతికారు. నేను రిటైరైన ఏడాది చలికాలంలో గుండె జబ్బుతో పోయారు. ఆ రెండేళ్లలో ఆయన చేతికి ఐదుగురు నర్సులు సూది గుచ్చారు. నేను చాలాసార్లు పక్కన నిలబడి చూశాను.

ఆ జూలై తర్వాత యూనిట్లో కొత్త పద్ధతి పెట్టాను. ప్రతి రోగి చేతికీ ఒక పేజీ. అందులో సిర బొమ్మ, సూది ఏ వైపు వాలాలి, చెయ్యి ఎలా పెట్టాలి అన్నవి ఉండాలి. రోగి స్వయంగా చెప్పింది రోగి మాటల్లోనే రాయాలి. ఏ చేతినైనా కనీసం ముగ్గురు నర్సులు నేర్చుకోవాలి. ఒకే చేతికి ఒకే నర్సు వరసగా రెండుసార్లకు మించి గుచ్చకూడదు. ఈ నియమం నా చేత పాటింపజేయడమే అన్నిటికన్నా కష్టమైంది. ఇంకొకరు తడబడుతుంటే చేతులు కట్టుకుని నిలబడడం నాకు చాలా రోజులు చేతకాలేదు.

నా చేతికే లొంగుతుందని నేను మురిసిపోయిన ఆ నాలుగేళ్లూ మిస్త్రీ గారి ప్రాణం ఒక్క మనిషి ఆరోగ్యం మీద ఆధారపడి ఉంది. ఆ మనిషి నేనే. ఆయనకు ఆ ముప్పు తెచ్చిపెట్టినది నేనేనని గాజు తలుపు ఇవతల నిలబడినప్పుడు గానీ నాకు తట్టలేదు. పని బాగా వచ్చిన నర్సు తాను రాని రోజున కూడా ఆ పని జరిగేట్టు చూడాలి. చేతికి తెలిసినదాన్ని మాటల్లో పెట్టలేకపోతే, మంచం మీది మనిషిని అడగాలి. నేను నాలుగేళ్లు ఆలస్యంగా అడిగాను. అది కూడా ఆయనే నోరు విప్పాక.