వరండాలో నా పెట్టె

ఫాదర్లు కాబోయే కుర్రాళ్లు చదువుకునే మా సెమినరీలో ఎవరినైనా ఇంటికి పంపించేయాలంటే ఆ సంగతి నోటితో చెప్పేవారు కాదు. ఉదయం పూజ ముగించుకుని గుడిలోంచి వచ్చేసరికి అతని రేకుపెట్టె వరండాలో ఉండేది. అంతే. అతను తెల్లంగీ విప్పి, మడిచి మంచం మీద పెట్టి, పెట్టె ఎత్తుకుని ముత్తుకూరు రోడ్డు మీదికి వెళ్లి బస్సెక్కేవాడు. కారణం అడగకూడదు. మిగతావాళ్లు అతని పేరు మళ్లీ ఎత్తకూడదు.

అరవైల మొదట్లో, సెమినరీకి పెద్దగా ఉన్న మా పాత రెక్టరుగారు తమ దేశం వెళ్లిపోయారు. తెల్లాయన. కోపిష్టే గాని, నన్ను సెమినరీలో చేర్చుకున్నది ఆయనే. కోవూరు పొలాల్లో నాట్లు వేసే మా అమ్మ, నేను ఫాదర్నయ్యాక నా చేతిమీదుగా సత్ప్రసాదం తీసుకోవాలన్న ఒక్క ఆశతో బతుకుతోంది. ఆయన పోతున్నారని తెలియగానే నన్నిక ఇక్కడ ఉండనిస్తారా అని భయం పట్టుకుంది.

ఆయన స్థానంలో మొదటిసారి ఒక తెలుగాయన వచ్చారు. కావలి వైపు మనిషి, పచ్చటి చాయ, బంగారురంగు ఫ్రేము కళ్లజోడు. పెద్ద రైతుల బిడ్డ అని వంటింట్లో చెప్పుకున్నారు, మేం నమ్మాం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు వంటిల్లు, బావి, పెట్టెల గది ఏదీ వదలకుండా తిరిగేవారు. వచ్చిన కొద్దిరోజులకే నన్ను ఆపి ఊరేదని అడిగారు. చెప్పాను.

"ఊళ్లో మీ ఇల్లు ఎటుపక్క?" అన్నారు.

ఆ ప్రశ్న తెల్లాయన ఎన్నడూ అడగలేదు. అలా అడగొచ్చని ఆయనకు తెలియదు. తెలుగువాడికి తెలుసు. కాలవకు అవతల అన్నాను. అవతల ఉండేది మాలపల్లె అని మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన తలూపి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఆయన దగ్గినా నా గురించే అనిపించేది. భోజనాల దగ్గర మా వెనకగా నడుస్తుంటే నా కంచం దగ్గరే అడుగు ఆగినట్టుండేది. పాతాయన చేర్చుకున్నవాళ్లను ఏరేస్తారని గుసగుసలు కూడా మొదలయ్యాయి. అనుమానం పెనుభూతం అంటారు గాని, నా అనుమానం ఉత్తిదే అంటే ఇప్పటికీ ఒప్పుకోను.

ముసురు పట్టి వదిలిన ఒక ఉదయం పూజ నుంచి వస్తే వరండాలో నా పెట్టె ఉంది.

ఎవరూ నా వైపు చూడలేదు. ఫలహారం దగ్గర మౌనం ఎలాగూ ఉండేదే. నా పక్కన కూర్చునే రెడ్ల అబ్బాయి తన అరటిపండు నా కంచంలోకి జరిపాడు. వీడ్కోలన్నమాట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. అమ్మకు ఏం చెప్పాలి? కాలవకు అవతల కన్నావు గనక పంపించేశారని చెప్పాలా? అంగీ మడిచి మంచం మీద పెట్టి, పెట్టె నెత్తికెత్తుకుని బయల్దేరాను.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉండగా కొత్త రెక్టరుగారు రొప్పుతూ వచ్చారు. మంచం మీద అంగీ ఉందని ఎవరో చెప్పారట.

"ఎక్కడికి పోతుండావు?"

"మీరే గదా పెట్టె బయట పెట్టించినారు."

ఉప్పుగాలికీ ముసురుకీ బట్టలు బూజు పడుతున్నాయని, పెట్టెలన్నీ ఎండలో పెట్టమని ఆయన పనివాడికి చెప్పారట. నాది తలుపు పక్కనే ఉండడంతో ముందు అదే బయటికొచ్చింది; మిగతావి ఫలహారాలయ్యాక తెద్దామని పనివాడు ఆగాడట. వరండాలో పెట్టె కనిపిస్తే ఏమని అర్థమో ఆయనకు ఎవరూ చెప్పలేదట. నేను నమ్మలేదు. మరి మా ఇల్లు ఎటుపక్క అని ఎందుకడిగారని నిలదీశాను. పోయేవాడికి భయమేముంది?

ఆయన రోడ్డుకు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"మా ఇల్లు గూడా కాలవకి అవతలే. మనోళ్లు ఎవురన్నా ఉండారేమోనని అడిగినాను. లోపల ఎవురికీ చెప్పబాకు. నేనెప్పుడు తప్పు చేస్తానా అని చూస్తా ఉండారు."

నా కోపం చప్పున చల్లారిపోయింది. నన్ను పంపించేస్తారని నేను హడలిపోతుంటే, తనను పంపించేస్తారని ఆయన హడలిపోతున్నారు. పెట్టెకు చెరో పిడి పట్టుకుని వెనక్కి నడిచాం. దారిలో మా అమ్మ గురించి అడిగారు. వాళ్లమ్మ కూడా నాట్లకు వెళ్లేదట.

సెమినరీ గేటు కనబడగానే ఆయన మాట ఆపేశారు. తన వైపు పిడి వదిలేసి, నేనెవరో తెలియనట్టు ముందుకు వెళ్లిపోయారు. ఆయన్ని తిట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. అక్కణ్ణుంచి పెట్టె నేనొక్కణ్ణే మోసుకెళ్లాను.