నేను పడింది బాత్రూంలో కాదు

నీళ్ళలో పడగానే నొప్పి తెలియలేదు. నడుము కింద ఎవరో బలంగా తన్నినట్టయింది, అంతే. లైఫ్ జాకెట్ నన్ను పైకి తేల్చింది. గట్టు మీద మావాళ్ళు చప్పట్లు కొడుతూ నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు పొత్తికడుపులో ఒక మెలిక తిరిగింది. గట్టెక్కేసరికి నా చుడీదార్ పైజమా తొడల దగ్గర ఎర్రగా తడిసి ఉంది. మా అత్తమ్మ గబగబా వచ్చి కొంగు అడ్డం పెట్టి అన్న మొదటి మాట ఇది: "మొగోళ్ళు సూస్తున్నరు, జల్ది కూసో."

దెబ్బ ఎక్కడ తగిలిందని అడగలేదు. ఇది జరిగి మూడేళ్ళయింది. గాయం మానింది. కోపం మాత్రం మానలేదు, మాన్పించుకోవాలని నాకు కూడా లేదు.

మాది సంగారెడ్డి. మా ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వెలిమెల దగ్గర అత్తగారి వాళ్ళ పొలం కొంత వెంచర్ వాళ్ళకు అమ్మాక ఇంట్లో డబ్బు కనబడింది. డబ్బు కనబడితే మా మరిది సుధీర్‌కు కాళ్ళు నేల మీద నిలవవు. కొత్తగా వచ్చే రిసార్టుల్లో రైడ్లు తిప్పి సంపాదిస్తానని, గోవా వైపు మూతబడ్డ ఒక రిసార్టు నుంచి సెకండ్‌హ్యాండ్ వాటర్ స్కూటర్ కొనుక్కొచ్చాడు. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టు కూర్చుని నీళ్ళ మీద నడిపే బండి అది. అందులోనూ మామూలుది కాదు, సూపర్‌చార్జర్ ఉన్నది. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే ఫ్యాన్ లాంటిది ఒకటి లోపల ఉంటుంది, దానితో బండికి రెట్టింపు పొగరు వస్తుంది. చక్రాలుండవు. అడుగు నుంచి నీళ్ళు పీల్చుకుని వెనక గొట్టంలోంచి ధారగా చిమ్ముతుంది, ఆ తోపుకే ముందుకు దూకుతుంది. ఆ గొట్టం సరిగ్గా వెనక కూర్చున్న మనిషి కిందే ఉంటుంది.

సుధీర్ బండి తిప్పడానికే గానీ తుడవడానికి పనికిరాడు. మా నాన్న ఫిట్టరు కాబట్టి నాకు పానా పట్టుకోవడం చిన్నప్పుడే అలవాటు. అందుకని ఆ బండి బాగోగులు నా మీద పడ్డాయి. నీళ్ళలోంచి తీసిన ప్రతిసారీ పైపు తగిలించి మంచినీళ్ళతో ఇంజన్ లోపల కడగాలి. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి, తర్వాతే నల్లా తిప్పాలి. ఆపేటప్పుడు ముందు నల్లా కట్టేసి, తర్వాత ఇంజన్ ఆపాలి. తారుమారైతే నీళ్ళు ఇంజన్‌లోకి ఎక్కుతాయి. ఆయిల్ మార్చడం, గ్రీజు పెట్టడం అన్నీ నేర్చుకున్నాను. బండితో పాటు పుస్తకం ఏదని అమ్మినవాడిని అడిగితే, "బుక్ క్యా కర్‌తే భాయ్, చలావ్ బస్" అన్నాడట, పుస్తకంతో పనేముంది, నడుపు చాలు అని.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి ట్రైలర్ మీద తీసుకెళ్ళి బండి పూజ చేయించారు. సీటు వెనక ఇంగ్లీషులో, బొమ్మలతో ఒక హెచ్చరిక అంటించి ఉంది. సగం మాసిపోయి చూడటానికి బాగాలేదని సుధీర్ దాని మీద దుర్గమ్మ స్టిక్కర్ అతికించాడు. వెనక కూర్చున్నవాళ్ళు పడితే నీటి ధార ఒంట్లోకి దూరి లోపలి అవయవాలు చిరగవచ్చు, మందపాటి రబ్బరు ప్యాంటు వేసుకోవాలి అని అందులో ఉందట. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మవారిని నేనేమీ అనను. తన బొమ్మను ఆమే తెచ్చి అక్కడ అంటించుకోలేదు కదా.

కొండాపూర్ వైపు ఒక చెరువు ఆ ఏడు వానలకు బాగా నిండింది. ఆదివారం అందరం వెళ్ళాం. వెనక ఎక్కుతానని అడిగింది నేనే. నెలల తరబడి కడిగి తుడిచినదాన్ని, ఒక్కసారి ఎక్కితే తప్పేమిటి? "గట్టిగ పట్టుకో వదినె" అని సుధీర్ ఒక్కసారిగా రేస్ ఇచ్చాడు. బండి నా కింది నుంచి జారిపోయినట్టే అయింది. నేను వెనక్కి, సరిగ్గా ఆ నీటి ధార మీద పడ్డాను.

సంగారెడ్డిలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళారు. డ్యూటీ డాక్టరు, "ఎట్ల పడ్డదమ్మా?" అని అడిగాడు. అడిగింది నన్ను. జవాబు చెప్పింది అత్తమ్మ. "బాత్రూంల జారిపడ్డది సార్. నల్లా మీద పడ్డది." నేను నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కింది. మా ఆయన పక్కనే నిలబడి గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఇంటి కోడలు మరిది వెనక బండెక్కి, పడరాని చోట దెబ్బ తగిలించుకుందంటే నలుగురిలో పరువు పోతుందట. నువ్వెందుకు చెప్పలేదని ఈ మూడేళ్ళలో నన్ను చాలామంది అడిగారు. నొప్పితో పళ్ళు కరుచుకుని పడుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది. పక్కన నిలబడి క్యాలెండర్ చూసిన మనిషిని అడగండి.

"వెజైనల్ టేర్. చిన్నదే. రెండు కుట్లు వేసిన, టీటీ ఇచ్చిన. పరేషాన్ ఏం లేదు" అని డాక్టరు ఇంటికి పంపేశాడు. నల్లా మీద పడ్డ మనిషికి ఆయన చేసిన వైద్యం సరైనదే. నేను నల్లా మీద పడలేదు.

మర్నాటికి కడుపు ఉబ్బింది. జ్వరం, వాంతులు. మళ్ళీ తీసుకెళ్తే "గ్యాస్ అమ్మా, పెయిన్ కిల్లర్స్ పడలేదు" అని ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఇంటికొచ్చి ముందు గదిలో పడుకున్నాను. కిటికీ అవతల వాకిట్లో ట్రైలర్ మీద బండి ఉంది. దాన్ని చూడటానికి హైదరాబాద్ నుంచి మెకానిక్‌ను పిలిపించారు. వాళ్ళ మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"ఆవాజ్ ఎప్పటి సంది వస్తుంది?" అన్నాడు మెకానిక్.

"నిన్నటి సంది అన్నా. నిలబడ్డ జాగల నుంచి ఒక్కసారే ఫుల్ రేస్ ఇచ్చిన. వెనక మా వదినె ఉండె. ఎగిరి సక్కగ నీళ్ళు కొట్టే గొట్టం మీదనే పడ్డది. బరువు తగ్గంగనే ఇంజన్ ఒక్కసారి పైకి గుంజింది. గప్పటి సంది కిర్రుమంటుంది" అన్నాడు సుధీర్. బండి మొత్తం ఎన్ని గంటలు నడిచింది, ఏ ఆయిల్ పోశాం, ఆ రోజు ఇంజన్ కడగడం మరచిపోయాం అన్నీ ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు.

"మంచిగ చెప్పినవ్ భాయ్. సూపర్‌చార్జర్ల వాషర్లు ఇరిగి ఆయిల్‌ల పడ్డయనుకో, ఇంజన్ మొత్తం ఖతం. దాస్తే నాకెట్ల తెలుస్తది?" అన్నాడు ఆ మెకానిక్.

నేనెలా పడ్డానో మా ఇంటి బయట మొట్టమొదట విన్న మనిషి ఒక మెకానిక్. ఇనుముకు జబ్బు చేస్తే పూస గుచ్చినట్టు నిజం చెప్పారు. నాకు జబ్బు చేస్తే బాత్రూం అన్నారు. నా ఒంట్లో ఎంత జ్వరం ఉందో తెలియదు గానీ, ఆ క్షణాన పుట్టిన వేడి జ్వరానిది కాదు. మా ఆయనను పిలిచాను.

"నన్ను పెద్ద దవాఖానకు తోల్కపో. లేకుంటే గా మెకానిక్‌నే లోపలికి పిలువు. నాకేమైందో ఆయనకొక్కనికే ఎరుక" అన్నాను. ఆయన మొహం కిందికి దించుకుని కారు తాళాలు తీశాడు.

హైదరాబాద్ దారిలో ఉన్న పెద్ద ఆసుపత్రిలో ఒక లేడీ సర్జన్ చూసింది. అత్తమ్మ వెంట వచ్చింది, పాఠం మళ్ళీ మొదలుపెట్టింది. "బాత్రూంల జారి..."

సర్జన్ నా కడుపు మీద చెయ్యి పెట్టి, "కడుపు పలకలాగా గట్టిపడింది. బాత్రూంలో పడితే ఇలా కాదే?" అంది. అందరినీ బయటికి పంపి తలుపు వేయించింది. నా పక్కన కూర్చుని మెల్లగా, "మీ ఆయన ఏమైనా చేశాడా అమ్మా? భయపడకు, చెప్పు" అంది. పరువు కోసం చెప్పిన అబద్ధం ఎక్కడికి తీసుకెళ్ళిందో చూడండి. నా మీద ఏనాడూ చెయ్యెత్తని మా ఆయన, తలుపు బయట ఉండి కూడా ఆ గదిలో దోషి అయిపోయాడు.

మొత్తం చెప్పాను. బండి, గొట్టం, నేను పడ్డ తీరు. ఆమె రాయడం ఆపింది. "వాటర్ జెట్ ప్రెషర్‌తో లోపలికి వెళ్ళింది. ఇది మొదటి రోజే చెప్పి ఉంటే అప్పుడే లోపల చెక్ చేసేవాళ్ళు కదమ్మా" అంది. ఎక్స్‌రేలో కడుపులో ఉండకూడని చోట గాలి కనిపించింది. సీటీ స్కాన్ తీశారు. "రెక్టమ్‌కు పెర్ఫొరేషన్. అంటే చిల్లు పడింది. మలం లోపల లీకవుతోంది, పెరిటొనైటిస్ వచ్చేసింది, కడుపంతా ఇన్ఫెక్షన్ పాకింది. వెంటనే ఓపెన్ చేయాలి. పేగు మానేదాకా కొలాస్టమీ పెడతాం, మోషన్ పొట్ట పక్క నుంచి సంచిలోకి వస్తుంది. ఇంకొక రోజు ఆగి ఉంటే నీతో మాట్లాడేదాన్ని కాదు" అంది.

మా ఆయనను పిలిచి సంతకం చేయించుకుంటూ గట్టిగానే కడిగింది. "మా అమ్మ గట్ల చెప్పింది మేడం" అన్నాడు. నలభై దగ్గరపడిన మనిషి. స్ట్రెచర్ మీద పడుకుని ఆ మాట విన్నాను. ఆపరేషన్ కంటే ముందు అది కోసింది.

ఐసీయూ సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు. వార్డుకు వచ్చాక కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్ళీ విప్పారు, రోజూ డ్రెస్సింగ్. సంచి చుట్టూ చర్మం కాలినట్టు ఎర్రబడి, బట్ట తగిలినా ప్రాణం పోయేది. సంచి మార్చడం నేర్పిన నర్సు ఓపికకు మొక్కాలి. మొదటిసారి నేను మొహం తిప్పుకుంటే, "చూడమ్మా, ఇది నీ పేగే, నిన్ను బతికిస్తోంది" అంది. ఆ తర్వాత తిప్పుకోలేదు.

చుట్టాలు రావడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో నిజం బయటపడ్డాక కూడా ఇంట్లో బాత్రూం కథే నడుస్తోందని అప్పుడు తెలిసింది. "బాత్రూంల చెప్పులేసుకోవాలె బిడ్డా" అని ఒకరు. మా ఆయన మేనత్త అయితే కాలు జారకుండా బాత్రూంలో పరిచే రబ్బరు పట్టా కొనుక్కొచ్చి నా మంచం మీద పెట్టింది. నవ్వితే కుట్లు లాగుతాయి కాబట్టి నవ్వలేదు. "నేను వాటర్ స్కూటర్ మీంచి పడ్డ పెద్దమ్మా. గొట్టం నీళ్ళు లోపలికి కొట్టినయి. పేగు చినిగింది" అన్నాను, పక్క మంచాల వాళ్ళకు కూడా వినబడేలా. అత్తమ్మ తలకాయ పట్టుకుంది. మేనత్త మాత్రం, "అయితే మావోనికి గూడ చెప్తా, పిల్లలను గవ్వి ఎక్కియ్యకుమని" అంది. నిజం వింటే మనుషులు చేసేది ఇదే. ఊరు మునిగిపోలేదు.

నిజం తెలిసినవాళ్ళలో కొందరు, "ఆడిదానికి ఎందుకు గా బండి" అన్నారు. రేస్ ఇచ్చిన మరిదిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. బండిని ఎందుకు అమ్మేస్తున్నావని మాత్రం అతన్ని అడిగారు. కొన్నవాళ్ళు ట్రైలర్‌తో వచ్చిన రోజు నేను సంచితోనే వాకిట్లోకి వచ్చి, ఆ స్టిక్కర్‌ను తడిపి ఒలిచాను. కింద హెచ్చరిక చదివి వినిపించి, అది రోజూ కనబడేలా ఉంచమని చెప్పాకే బండిని కదలనిచ్చాను. సుధీర్ అప్పుడు తల దించుకుని, "తప్పయింది వదినె" అన్నాడు. మొత్తం వ్యవహారంలో ఆ మాట అన్నది అతనొక్కడే, అది కూడా చెప్పాలి కదా.

కొన్ని నెలల తర్వాత రెండో ఆపరేషన్ చేసి పేగు కలిపారు. మొదట్లో మోషన్ ఆపుకోవడం చేతకాక ఎన్నో పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు. సర్జన్ చెప్పిన ఎక్సర్‌సైజులు విసుగొచ్చినా చేశాను. ఇప్పుడు అన్నీ తింటున్నాను, కారం కాస్త తగ్గించాను. పొట్ట మీద పొడుగు గీత ఉంది.

పోయిన ఎండాకాలం అత్తమ్మ బాగా చిక్కిపోయింది. అడిగితే "ఎండలకు" అంది. కింది రెప్పలు లాగి చూస్తే లోపల నెత్తురు లేనట్టు తెల్లగా ఉన్నాయి. అదే సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాను. "ఏం ఇబ్బందమ్మా?" అని ఆమె అడిగింది. అత్తమ్మ నా వైపు చూసింది. నేను చెప్పగలను, అనుమానం నాకు ఉంది. అయినా నోరు విప్పలేదు. ఆ గదిలో ఇంకొకరి బదులు మాట్లాడటం ఎంత పాపమో నాకు తెలుసు.

అత్తమ్మే చెప్పింది. "దొడ్డికి పోతే నెత్తురు వడుతుంది డాక్టరమ్మా. ఏడాది దాటింది. ఎవ్వరికి చెప్పలే. సిగ్గయింది."

కొలనోస్కోపీలో పేగు లోపల పాలిప్, అంటే చిన్న కండ మొలక కనిపించింది, తీసేశారు. క్యాన్సర్‌గా మారే దారిలో ఉంది, ఇంకా దాచి ఉంటే కష్టమయ్యేదని చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు కారులో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గప్పుడు నేను నిజం చెప్తే, నీకు గంత గోస కాకపోతుండె గద బిడ్డా" అంది.

పోనీలే అనాలి. అందరూ అలాగే అంటారు. నాకు నోరు రాలేదు.

"కాకపోతుండె అత్తమ్మా" అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు అడిగినప్పుడు ఎక్కడ పడ్డారో, దేని మీంచి పడ్డారో, ఏ భాగానికి తగిలిందో మీ నోటితో మీరే చెప్పండి. మీ తరఫున వేరేవాళ్ళు మాట్లాడబోతే బయటికి పొమ్మనండి, వాళ్ళు ఎవరైనా సరే.