లతీఫ్ భాయ్ చెప్పిన జాగ

ఎవరైనా ఎక్కడికైనా బయల్దేరేటప్పుడు "పోయొస్తం" అంటారు. కొత్తకోట లతీఫ్ భాయ్ మాత్రం "తప్పిపోతే యాడ కలుద్దాం?" అంటాడు. సినిమాకైనా, సంతకైనా, ఆఖరికి వీధి చివర చాయ్ తాగడానికైనా సరే, ఆ సంగతి తేలందే ఆయన కాలు కదలదు.

ఆయనది సైకిల్ దుకాణం. నిఖా నాడు కొత్త పెళ్లికూతురు సకీనా చెవిలో ఆయన చెప్పిన మొదటి మాట ఇది: "మంది ఎక్కువున్నరు. తప్పిపోతే బిర్యానీ గంజు కాడ నిలబడు." సకీనా ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆ ముచ్చట చెప్పి, "గప్పుడే తప్పిపోతే పీడ పోయేది" అంటుంది. చెప్పి మళ్లీ తనే నవ్వుతుంది.

పోనీ కలిసే చోటైనా సక్రమంగా చెబుతాడా అంటే, అదీ లేదు. బోర్డు పేరు చెప్పడు, గేటు నంబరు చెప్పడు. "శెనిగెలు ఏగే వాసన కాడ" అంటాడు. "పచ్చ తలుపుకు ఎదురుంగ" అంటాడు. కురుమూర్తి జాతరలో ఏకంగా "కొమ్ము ఇరిగిన బర్రె కాడ" అన్నాడు. ఆ సంగతి బర్రెకు ఎవరూ చెప్పలేదు. పొద్దు వాలగానే అది తన దారిన ఇంటికి బయల్దేరింది. దాని వెంబడే ఎనిమిది మంది పక్క ఊరిదాకా నడిచి, ఆసామి వాకిట్లో వరసగా నిలబడ్డారు. ఆ ఆసామి మొదట కట్టె తీశాడు. సంగతి విన్నాక తలా చెంబెడు చల్ల పోశాడు.

"బోర్డులున్నయ్ గద భాయ్! పేరు చెప్తె నీ సొమ్మేం పోతది?" అని రఘుపతి మొత్తుకునేవాడు. రఘుపతి బళ్లో గుమాస్తా, ఊళ్లో హీరో అభిమాన సంఘానికి సెక్రటరీ. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా పైకి చదివే రకం.

"నాకు తెలుగు చదువ రాదు భాయ్. నేను ఉర్దూ మీడియం" అని లతీఫ్ భాయ్ పళ్లన్నీ బయటపెట్టేవాడు. సంఘమంతా పడీ పడీ నవ్వేది.

అందరికంటే పెద్దగా నవ్వేది అధ్యక్షుడు జానయ్య. పాపం, నవ్వక ఏం చేస్తాడు? నిజంగా చదువు రానిది ఆయనకే. మార్కెట్టులో బస్తాలు మోసే మనిషి. నలభై అడుగుల కటౌట్ మీదికి నిచ్చెన లేకుండా పాకి దండ వేస్తాడని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. కష్టపడి సంతకం ఒక్కటి నేర్చుకున్నాడు. ఏ కాగితం చేతికిచ్చినా గంభీరంగా గొంతు సవరించుకుని "సెక్రటరీ చూస్కుంటడు" అనేవాడు. అందరూ దాన్ని పెద్దరికం అనుకునేవారు. ఈ గుట్టు బయటపడితే ఇంకేమన్నా ఉందా! రఘుపతి కన్ను ఎప్పుడూ ఆ కుర్చీ మీదే.

ఎనభై ఏడు ఎండాకాలంలో పాలమూరులో నాలుగు జిల్లాల అభిమానుల మహాసభ పెట్టారు. హీరో స్వయంగా వస్తున్నాడన్నారు. కొత్తకోట నుంచి నలభై మందికి కిరాయి బస్సు మాట్లాడారు. వారం రోజులు సమావేశాలే సమావేశాలు. రఘుపతి దండ ఎంత పొడుగుండాలో చెప్పబోతే "గది సరే, తప్పిపోతే?" అనేవాడు లతీఫ్ భాయ్. నినాదాలు చదవబోతే "గది సరే, తప్పిపోతే?" చివరికి వేగలేక, "నువ్వే ముందుగాల పోయి జాగ చూడు నాయనా!" అని తొలి బస్సెక్కించారు.

సంఘం బస్సు పాలమూరు చేరేసరికి లతీఫ్ భాయ్ మైదానం మూడుసార్లు చుట్టి వచ్చి, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"ఇనుండ్రి. సోడా కొట్టే చప్పుడు, పక్కనే మిరపకాయ బజ్జీల వాసన, మీద నీలం పరదా. మూడూ ఒక్క తాన ఉన్న జాగ గదొక్కటే."

"బండి కదిల్తెనో? బర్రె లెక్క?" అన్నాడు రఘుపతి.

"కదల్దు" అన్నాడు లతీఫ్ భాయ్ ధీమాగా.

ఎలా కదులుతుంది? బజ్జీల గుర్వమ్మ బండి చక్రానికి సైకిల్ గొలుసు చుట్టి, స్తంభానికి కట్టి తాళం వేశాడు. గుర్వమ్మ గరిటె పట్టుకుని ఆయన ఏడు తరాలనూ వేయిస్తోంది.

పదకొండింటికి రావలసిన హీరో రెండింటికి వచ్చాడు. జీపు కనబడగానే ఇరవై వేల మంది ఒక్కసారి లేచారు. జానయ్య కాళ్లు నేలకు ఆనితే ఒట్టు. విసిరిన దండ పోయి పోయి ఒక పోలీసు మెడలో పడింది. హీరో చెయ్యి ఊపాడు, రెండు ముక్కలు మాట్లాడాడు, వెళ్లిపోయాడు. జనం ఎక్కడో వదిలేసిన చోట జానయ్య నిలబడి చూస్తే, చుట్టూ తెలిసిన మొఖం ఒక్కటీ లేదు.

"నాలుగింటికి బస్సులు కదుల్తయ్. ఏ ఊరి బస్సు ఏ గేటుకో బోర్డు మీద రాసినం" అంటూ వచ్చిన వలంటీరు జానయ్య ఛాతీ మీద బ్యాడ్జీ చూశాడు. "అన్నా, అధ్యక్షులే గద మీరు! జర చదివి గీళ్లకు గూడ చెప్పున్రి" అని తప్పిపోయిన పదిమందిని ఆయనకు అప్పగించి పోయాడు.

"చదువన్నా! మాది జడ్చర్ల!"

"మాది మక్తల్ అన్నా, జల్ది!"

జానయ్య బోర్డు వైపు చూశాడు. తడి గుడ్డ పిండినట్టు చెమట కారింది. చచ్చినా చెప్పలేడు, చెప్పకుండా నిలబడనూ లేడు. గొంతు సవరించుకున్నాడు.

"సెక్రటరీ చూస్కుంటడు" అనేసి, గిరుక్కున తిరిగి జనంలో పడ్డాడు.

ఎటు పోతున్నాడో తనకే తెలియదు. అంతలో కీచుమని సోడా చప్పుడు. ఇంకాస్త నడిస్తే ఘాటుగా మిరపకాయ వాసన. అదిగో నీలం పరదా! జానయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

పరదా కింద బోర్లించిన గంప మీద లతీఫ్ భాయ్ కూర్చుని ఉన్నాడు. పక్కన అచ్చంపేట నుంచి వచ్చి తప్పిపోయిన నాగులమ్మ అనే ముసలామె. ఆమె ఇచ్చిన కరపత్రాన్ని ఆయన గడగడా చదువుతున్నాడు.

"అచ్చంపేట, నాగర్‌కర్నూల్ అభిమానుల బస్సులు ఉత్తర ద్వారము వద్ద నుండి సాయంత్రం నాలుగు గంటలకు బయలుదేరును. గా ఎర్ర జెండా కనవడ్తలేదా అవ్వా? గదే."

నాగులమ్మ దీవించి కదిలింది. లతీఫ్ భాయ్ తలెత్తాడు. ఎదురుగా జానయ్య. బెల్లం దొంగిలిస్తూ దొరికినట్టయింది లతీఫ్ భాయ్ మొఖం.

"లతీఫ్ భాయ్! నీకు తెలుగు వస్తదా?"

"జర మెల్లగ! ఎవలన్న ఇంటరు."

"ఎప్పటి సంది?"

"మూడో తరగతి సంది" అన్నాడు తప్పు ఒప్పుకున్నవాడిలా.

"మరి గిన్నేండ్ల సంది రాదంటివి? అందరు నవ్వుతుంటె పడితివి?"

లతీఫ్ భాయ్ గొంతు తగ్గించాడు. "మొదటి మీటింగుల నువ్వు కరపత్రం తలకిందులు పట్టుకోని, మస్తు రాసిండ్రు అంటివి. నేను చూసిన. ఒక్కనికే రాదంటె బాగుండది గద జానయ్యా. ఇద్దరుంటె నడుస్తది."

జానయ్యకు అప్పుడు అర్థమైంది. బర్రె, పచ్చ తలుపు, శెనిగెల వాసన, అన్నీ తన కోసమే! లతీఫ్ భాయ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఒక్కొక్కరే వచ్చి చేరారు. అందరికంటే ఆఖరున, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ రఘుపతి వచ్చాడు. బోర్డు చదువుకుని నేరుగా గేటుకు పోయాడట. రెండు గేట్లకు ఒకటే నంబరు వేశారట. అటూ ఇటూ ఏడుసార్లు తిరిగాడట. పరువు దక్కించుకోవడానికి లతీఫ్ భాయ్ మీద పడ్డాడు.

"నీకేం భాయ్, చదువ రాకుంటె ఫికరే లేదు!"

అందరూ గొల్లుమన్నారు. జానయ్యకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"అధ్యక్షుని హోదాల చెప్తున్న! ఇంకోసారి లతీఫ్ భాయ్‌ని చూసి ఎవలన్న నవ్వితె సంఘంల నుంచి తీసేస్త!"

సంఘం నోరు తెరిచింది. లతీఫ్ భాయ్ గాభరాగా జానయ్యను పక్కకు లాగి చెవిలో గొణిగాడు.

"నీకు దండం పెడ్త, నవ్వనియ్యి. నవ్వు ఆగిందంటె అనుమానమొస్తది. నువ్వు గూడ నవ్వు, జల్ది!"

జానయ్య కళ్లు తుడుచుకుని పకపకా నవ్వాడు. ఈసారి నిజంగానే నవ్వొచ్చింది.